సీసపు బిళ్ళపై అక్షరాలు
బైజాంటైన్ అధికారుల ముద్రలు – వాటిని చదివే విధానం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన విద్యా సదస్సులో చదివిన ప్రసంగ పాఠం)



పాఠశాల నుండి వెళ్ళే బదిలీ పత్రం మీద గుండ్రని ముద్ర పడనిదే ఆ పత్రానికి విలువ లేదు. వ్రాసినవారు ఎవరో, ఏ అధికారంతో వ్రాశారో లోకానికి సాక్ష్యమిచ్చేది ముద్ర. పత్రం నిలిచి ముద్ర చెరిగిపోవడం అందరికీ తెలిసిన అనుభవమే. అందుకు విరుద్ధంగా పత్రం నశించి ముద్ర ఒక్కటే మిగిలితే ఏమవుతుంది? ఎవరు ఎవరికి ఏమి వ్రాశారో తెలియదు. వ్రాసినవాని పేరు, హోదా, అతడు తలచిన దైవం మాత్రం మిగులుతాయి. ఒక మహాసామ్రాజ్యానికి ఈ పరిస్థితి నిజంగానే సంభవించింది. ఆ సామ్రాజ్యపు ముద్రలను పండితులు ఎట్లా చదివారో, ఆ చదువులో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ తల్లిదండ్రులకూ పనికివచ్చే విషయమేమున్నదో తెలుపడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముద్రలు మిగిలిన కథ

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 330లో ప్రతిష్ఠించిన కాన్‌స్టాంటినోపుల్ నగరం రాజధానిగా తూర్పు రోమన్ సామ్రాజ్యం 1453 వరకు నిలిచింది. చరిత్రకారులు దీనినే బైజాంటైన్ సామ్రాజ్యమంటారు. సేనాపతులు, న్యాయాధికారులు, సుంకాధికారులు, మఠాధిపతులు, లేఖకులు నిత్యం ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపిన సామ్రాజ్యమది. అగ్నిప్రమాదాలకూ, యుద్ధాలకూ, తేమకూ ఆ పత్రాలలో అత్యధిక భాగం ఆహుతైపోయింది. ఆథోస్ పర్వతం మీది మఠాల వంటి కొద్ది చోట్ల మాత్రమే నాటి పత్రాలు గణనీయంగా మిగిలాయి. అయితే పత్రాలకు కట్టిన సీసపు ముద్రలు మట్టిలో పడి వందల సంవత్సరాలు నిలిచాయి. నేడు లోకంలో అటువంటివి వేలు, పదివేల సంఖ్యలో ఉన్నాయి. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ సంస్థలో ఒక్కచోటనే సుమారు 17,000 ముద్రలున్నాయి. వాటి ఛాయాచిత్రాలను, పాఠాలను ఆ సంస్థ ఇంటర్నెట్ ద్వారా అందరికీ అందుబాటులో ఉంచుతున్నది.

చక్రవర్తి మహాశాసనాలకు బంగారు ముద్ర వాడేవారు. మిగిలిన వ్యవహారంలో ఎక్కువ భాగం సీసంతోనే. సీసం చౌక, మెత్తన, సులభంగా కరుగుతుంది. ముందుగా గుండ్రని సీసపు బిళ్ళను పోతపోసేవారు. దారం దూరడానికి వీలుగా దానిలో అడ్డంగా సన్నని రంధ్రం ఉండేది. మడిచిన పత్రానికి చుట్టిన దారాన్ని ఆ రంధ్రం గుండా దూర్చి, పటకారు వంటి ఇనుప పనిముట్టు రెండు దవడల నడుమ బిళ్ళను ఉంచి సుత్తితో కొట్టేవారు. రెండు దవడలలోనూ అక్షరాలు తిరగేసి చెక్కి ఉండేవి కనుక, ఒక్క దెబ్బతో బిళ్ళకు ఇరువైపులా లేఖనం పడేది. రంధ్రం మూసుకుపోయి దారం లోపల బిగిసిపోయేది. ఇక దారం తెంపకుండా ఉత్తరం విప్పడం అసాధ్యం. వ్రాసినవారి గుర్తింపూ, లోపలి విషయపు గోప్యమూ రెండూ ఒక్క బిళ్ళతో సిద్ధించేవి.

చదువరికి కష్టాలు కూడా ఆ సుత్తి దెబ్బతోనే మొదలయ్యాయి. బిళ్ళ ఒక ప్రక్కకు జరిగితే ఆ వైపు అక్షరాలు పడవు. బిళ్ళ చిన్నదైతే అంచుల్లోని లిపి పోతుంది. దారపు రంధ్రం ఉన్నచోట సీసం కుంగి, లేఖనం నడుమ ఒక గాడి ఏర్పడుతుంది. చాలా ముద్రలు ఆ గాడి వెంట విరిగిపోయాయి కూడా. దీనికి తోడు సీసానికి తెల్లని బూజు వంటి తుప్పు పడుతుంది. ఓక్ వంటి కొయ్యబీరువాలలో దాస్తే కొయ్య నుండి వెలువడే ఆమ్లపు ఆవిరికి ఆ తుప్పు మరింత వేగంగా పెరుగుతుంది. పదిలంగా దాచామనుకున్నచోటనే వస్తువు నశించడం చరిత్రలో అరుదైన విషయం కాదు.

చదవడంలో మెట్లు

ఫ్రెంచి పండితుడు గుస్తావ్ ష్లుంబర్జే 1884లో ప్రచురించిన బృహద్గ్రంథంతో ఈ ముద్రల అధ్యయనం ఒక శాస్త్రంగా నిలదొక్కుకున్నది. తరువాత విటాలియన్ లోరాన్, జార్జి జాకోస్, నికొలాస్ ఇకొనొమిదిస్ వంటివారు దానిని పెంపొందించారు. వారు ఏర్పరచిన పద్ధతిని మెట్లు మెట్లుగా చూడవచ్చు.

మొదటి మెట్టు ప్రార్థన. చాలా ముద్రలు "కీరియె వొయిథి తో సో దులో" అని మొదలవుతాయి. "ప్రభూ, నీ సేవకునకు సాయపడుము" అని దాని అర్థం. కొన్నింటిలో ప్రభువుకు బదులు "థియొతోకె", అనగా "దేవమాతా" అన్న సంబోధన ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాలలో ఈ ప్రార్థనను తరచుగా శిలువ ఆకారంలో అల్లిన అక్షరాల ముడిగా చెక్కేవారు. శిలువ నాలుగు చేతుల నడుమనున్న నాలుగు మూలలలో "నీ సేవకునకు" అన్న మాటలను నాలుగు ముక్కలుగా అమర్చేవారు. పద్ధతి తెలియనివానికి అది ముగ్గు వలె కనిపిస్తుంది; తెలిసినవానికి వాక్యమై పలుకుతుంది.

రెండవ మెట్టు విభక్తి. "సాయపడుము" అన్న క్రియ ఉన్నది కనుక సొంతదారు పేరు చతుర్థిలో ఉండాలి. తెలుగులో "లియోనుకు" అన్నట్లు. ప్రార్థన లేకుండా పేరు మాత్రమే ఉంటే అది తరచుగా షష్ఠిలో ఉంటుంది. "లియోను యొక్క" అని. అప్పుడు "ముద్ర" అన్న మాటను చదువరి మనసులో చేర్చుకోవాలి. పేరులోని చివరి అక్షరం అరిగిపోయినప్పుడు, ముందున్న ప్రార్థనను బట్టి ఆ అక్షరం ఏదై ఉండాలో నిర్ణయించవచ్చు. విభక్తి ప్రత్యయాలు బట్టీ పట్టడానికే తప్ప దేనికని విసుగుపడే పిల్లలకు ఇంతకంటె మంచి సమాధానం లేదు. ఎవరు ఎవరికి, ఏది ఎవరిది అన్నది తేల్చేది విభక్తియే.

మూడవ మెట్టు పొడి అక్షరాలు. అరచేతిలో నాలుగోవంతు కూడా లేని బిళ్ళపై పేరు, బిరుదు, ఉద్యోగం, ప్రాంతం అన్నీ పట్టాలి గనుక మాటలను కుదించేవారు. "మరియు" అన్న మాటకు ఇంగ్లీషు ఎస్ ఆకారంలో ఒక గీత చాలు. "ప్రొతోస్పథారియోస్" అన్న బిరుదులో "ప్రొతో" అంటే ప్రథమ. గ్రీకు భాషలో అక్షరాలే అంకెలు కూడా కనుక, ఆల్ఫా మీద ఒక గీత పెడితే అది ఒకటవుతుంది. ఆ ఆల్ఫా తరువాత "స్పథ" అని ఉంటే "ప్రథమ ఖడ్గధారి" అని చదవాలి. ఆల్ఫాను ఉత్త అక్షరంగా పలికేవాడు అక్కడే దారి తప్పుతాడు.

నాలుగవ మెట్టు అక్షరదోషాలు. ముద్రలు చెక్కినవారు తరచుగా చెవికి వినిపించినట్లు వ్రాశారు. ప్రాచీన గ్రీకులో వేర్వేరుగా పలికిన ఈటా, అయోటా మొదలైన అచ్చులు బైజాంటైన్ కాలానికి ఒకే "ఇ" ధ్వనిగా మారిపోయాయి. అందువల్ల "స్త్రతిగోస్", అనగా సేనాపతి అన్న మాటలో ఈటాకు బదులు అయోటా కనిపిస్తుంది. ఇది తప్పే. అయితే నాటి ఉచ్చారణను నేటివారికి వినిపించేది కూడా ఆ తప్పే. చదువరి దానిని నిశ్శబ్దంగా సరిదిద్దకూడదు. ఉన్నది ఉన్నట్లు చూపి, సరియైన రూపాన్ని ప్రక్కన వ్రాయాలి.

ఐదవ మెట్టు బిరుదుకూ ఉద్యోగానికీ గల భేదం. "ప్రొతోస్పథారియోస్, అనతోలికోన్ ప్రాంత సేనాపతి" అని ఉంటే మొదటిది చక్రవర్తి ఇచ్చిన గౌరవం. రెండవది చేసే పని. బిరుదు సాధారణంగా జీవితాంతం ఉంటుంది; ఉద్యోగం మారుతుంది. ఈ హోదాల క్రమాన్ని తెలుసుకొనడానికి నాటి పట్టికలు కొన్ని మిగిలాయి. వాటిలో 899లో ఫిలోథియోస్ అనే రాజోద్యోగి కూర్చినది ప్రసిద్ధం. రాజభవన విందులో ఎవరి తరువాత ఎవరు కూర్చోవాలో తెలిపే గ్రంథమది. భోజన పంక్తి కోసం వ్రాసిన జాబితా వెయ్యేళ్ళ తరువాత పండితులకు పరిపాలనా శాస్త్రమైంది. బిరుదుల విలువ కాలక్రమంలో తగ్గిపోవడం కూడా వీటివల్ల తెలుస్తుంది. ఏడవ శతాబ్దంలో స్పథారియోస్ అంటే గొప్పవాడు. పదకొండవ శతాబ్దం చివరికి ఆ బిరుదు దాదాపు అదృశ్యమైంది. అందువల్ల బిరుదును చూచి కాలాన్ని ఊహించే వీలు కలుగుతుంది.

కాలనిర్ణయానికి ఇంకా ఆధారాలున్నాయి. విగ్రహారాధన నిషిద్ధమైన కాలంలో ముద్రలపై దేవమాత, సాధువుల రూపాలు ఉండవు. 843లో ఆ నిషేధం తొలగిన తరువాత క్రమంగా తిరిగి వస్తాయి. అక్షరాల మలుపులు శతాబ్దానికొక తీరుగా మారుతాయి. పదకొండు, పన్నెండు శతాబ్దాలలో పన్నెండు అక్షరాల పాదాలతో పద్యరూపమైన లేఖనాలు ప్రబలాయి. వాటిలో కొన్ని సొంతదారు పేరు చెప్పనే చెప్పవు. ఎవరిదో తెలియాలంటే లోపలి ఉత్తరం చూచుకొమ్మంటాయి. ఆ ఉత్తరం ఏనాడో మట్టిలో కలిసిపోయింది.

ఒకే అధికారి పదోన్నతి పొందినప్పుడల్లా కొత్త ముద్ర చెక్కించుకొనేవాడు. అందువల్ల ఒకే వ్యక్తి ముద్రలను వరుసగా పేర్చితే, ఏ గ్రంథంలోనూ వ్రాయని అతని ఉద్యోగ జీవితమంతా కనిపిస్తుంది. స్త్రీలకూ ముద్రలుండేవి. 1081లో సింహాసనమెక్కిన మొదటి అలెక్సియోస్ చక్రవర్తి యుద్ధానికి వెళ్ళుతూ, పరిపాలనాధికారాన్ని తన తల్లి అన్నా దలస్సినీకి బంగారు ముద్ర వేసిన శాసనం ద్వారా అప్పగించాడు. ఆ సంగతిని ఆమె మనుమరాలు అన్నా కొమ్నినీ తన చరిత్ర గ్రంథంలో పదిలపరచింది. ఆ తల్లి సీసపు ముద్రలు నేటికీ ఉన్నాయి. వాటిపై ఆమె తనను సన్యాసినిగా, చక్రవర్తి తల్లిగా చెప్పుకొన్నది. సామ్రాజ్యాన్ని నడిపిన స్త్రీ ఎన్నుకున్న విశేషణాలు ఆ రెండే.

ఐదారు అక్షరాల తేడా

చదవడంలో పొరపాటు పడితే ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు సమాధానంగా ఒక ముద్ర కథ చెప్పుకోవాలి. కాన్‌స్టాంటినోపుల్‌లోని రష్యన్ పురావస్తు సంస్థకు చెందిన బోరిస్ పాన్‌చెంకో 1902లో ఒక ముద్రను ప్రకటించాడు. అది ఆసియా మైనరులోని బిథూనియా ప్రాంతంలో ఉన్న స్లావు జాతివారికి సంబంధించినది. అందులో ఒక చోటును అతడు "అంద్రస్ దొందోన్" అని చదివాడు. "మనుషులను ఇచ్చిన" అని అర్థం. దాని ప్రకారం ఆ ముద్ర సైన్యానికి తమ బిడ్డలను పంపిన స్లావు సమాజపు సొంత ముద్ర అవుతుంది. కాలం సుమారు 650 అని ఊహించాడు.

తరువాతి పండితులు అదే చోటును "అంద్రపొదోన్" అని చదివారు. మొదటి ఐదు అక్షరాలూ, చివరి రెండు అక్షరాలూ ఉభయ పాఠాలలో సమానమే, భేదమంతా నడుమనున్నది. అయితే "అంద్రపొదోన్" అంటే "బానిసల". ఒక పాఠంలో ఆ జనులు ముద్రకు యజమానులు. రెండవ పాఠంలో వారు లెక్కించి మూటకట్టిన సరకు.

ఏది సరియైనది? వాదన బలం వల్ల కాక, సాటి ముద్రల వల్ల ఆ సంగతి తేలింది. ఆసియా మైనరులోని ఇతర ప్రాంతాల పేర్లతో అటువంటి ముద్రలు మరికొన్ని దొరికాయి. వాటిలో జార్జి అనే అధికారి పేరు, "మాజీ కాన్సల్" అన్న గౌరవ బిరుదు, చక్రవర్తి రూపం, "బానిసల" అన్న మాట కనిపిస్తున్నాయి. చక్రవర్తి రూపం ప్రక్కన సంవత్సర సంఖ్య కూడా ఉన్నది. నాటివారు పదిహేనేసి సంవత్సరాల చక్రంతో కాలాన్ని లెక్కించేవారు. తెలుగువారి అరవై సంవత్సరాల చక్రం వలెనే ఆ సంఖ్య ఒక్కటే ఉంటే ఏ ఆవృత్తమో తెలియదు. ప్రక్కన రాజెవరో తెలిస్తేనే లెక్క తేలుతుంది. ఆ ముద్రలపై ఉన్నది ఎనిమిదవ సంవత్సరం. రెండవ జస్టీనియన్ 685 నుండి 695 వరకు, తిరిగి 705 నుండి 711 వరకు పాలించాడు. రెండవసారి పాలనలో అతని నాణేలపై కుమారుడు తిబేరియోస్ కూడా కనిపిస్తాడు. ఈ ముద్రలపై చక్రవర్తి ఒక్కడే. కనుక మొదటి పాలనలోని ఎనిమిదవ సంవత్సరం, అనగా 694 సెప్టెంబరు నుండి 695 ఆగస్టు వరకు గల కాలమని పండితులు నిర్ణయించారు.

ఇక్కడ గ్రంథస్థ చరిత్ర తోడువస్తుంది. ఈ చక్రవర్తి స్లావులను తెచ్చి ఆసియా మైనరులో నిలిపి, వారిలో 30,000 మందిని సైన్యంగా చేర్చాడనీ, 692 ప్రాంతంలో సెబస్తోపొలిస్ యుద్ధంలో వారిలో 20,000 మంది అరబ్బుల పక్షం చేరారనీ, ఆగ్రహించిన చక్రవర్తి మిగిలినవారిని భార్యాబిడ్డలతో సహా సంహరించాడనీ థియోఫానెస్ అనే చరిత్రకారుడు వ్రాశాడు. ఆ తరువాత రెండు మూడేళ్ళకే సుంకాధికారి ముద్రలపై "స్లావు బానిసలు" కనిపిస్తున్నారు. వారిని సామ్రాజ్యమంతటా విక్రయించారని కొందరి అభిప్రాయం. స్లావు సైనికులకు ఆయుధ సామగ్రి సమకూర్చిన సందర్భమని మరికొందరి వాదం. పాఠం స్థిరపడినా వ్యాఖ్యానంపై వాదం మిగిలే ఉన్నది. అక్షరాలు చదవడం ఒకటి, వాటి అర్థం గ్రహించడం వేరొకటి అని ఈ ముద్ర నేర్పుతుంది. పేరు కూడా మిగలని ఆ మనుషుల విషయంలో చరిత్రకు మిగిలిన సాక్ష్యాలలో ఈ సీసపు బిళ్ళలు ముఖ్యమైనవి. అక్కడ ఐదారు అక్షరాలు తప్పు చదివితే వారి దుఃఖం కూడా చెరిగిపోయి ఉండేది.

కుండలీకరణాల నీతి

ఈ ప్రమాదాన్ని నివారించడానికే శాసన పండితులు 1931లో హాలండులోని లైడెన్ నగరంలో కొన్ని గుర్తులను అంగీకరించారు. పొడి అక్షరాన్ని పూరించి వ్రాస్తే ఆ పూరణ గుండ్రని కుండలీకరణాలలో ఉండాలి. అరిగి విరిగి పోయిన అక్షరాలను ఊహించి వ్రాస్తే చదరపు కుండలీకరణాలలో ఉండాలి. కనిపించీ కనిపించని అక్షరం క్రింద చుక్క పెట్టాలి. చిన్న నియమాలే, వాటి వెనుక ఉన్న నీతి పెద్దది. కంటికి కనిపించినది ఇది, బుద్ధికి తోచినది ఇది అని విడదీసి చెప్పడమే ఆ నీతి. ఊహ చేయరాదని కాదు. ఊహను సాక్ష్యమని చెప్పరాదు.

ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల రేకులను కలిపే కడియం మీద వరాహ లాంఛనంతో "శ్రీ త్రిభువనాంకుశ" అన్న ముద్ర ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో సీసపు ముద్రలు వేస్తున్న ఆరవ శతాబ్దంలోనే రేనాటి చోళులు కడప సీమలోని కలమళ్ళలో తెలుగు శాసనం వేయించారు. ఆ సామ్రాజ్యపు బంగారు నాణేలు కన్నడ దేశం దాకా వచ్చాయి. హావేరి జిల్లా అక్కి ఆలూరులో రెండవ థియోడోసియస్ మొదలు మొదటి జస్టిన్ వరకు గల చక్రవర్తుల నాణేలు దొరికాయి. మధ్యయుగంలో తెలుగు, కన్నడ భాషలకు లిపి ఒక్కటే. ఆ ఒక్క లిపి రెండుగా విడివడిన తీరు ఈ నేలమీది శాసనాలలో అడుగడుగునా కనిపిస్తుంది. రెండు లిపులూ చదవగలిగిన ఈ పాఠశాల పిల్లలకు ఆ శాసనాలను చదివే అర్హత ఇతరులకంటె ఒక పాలు ఎక్కువ.

ఇక ఇంటికి సంబంధించిన మాట. డెబ్బై అయిదేళ్ళు నిండిన పాఠశాల ప్రవేశ పుస్తకాలలో పేర్లకు ముందు పొడి అక్షరాలే ఉంటాయి. "కె." అంటే ఏ ఇంటిపేరు? "వి." అంటే ఇంటిపేరా, ఊరి పేరా? కన్నడ సీమకు వలస వచ్చిన తెలుగు కుటుంబాలలో తాతగారు ఇంటిపేరు పూర్తిగా చెప్పుకొంటే, తండ్రిగారు పొడి అక్షరం వ్రాసుకొన్నారు. మనుమనికి ఆ అక్షరం మిగిలింది కాని దాని అర్థం మిగలలేదు. ఇంగ్లీషులోనూ, కన్నడంలోనూ, తెలుగులోనూ మూడు విధాలుగా వ్రాసిన ఒకే పేరు మూడు పేర్లుగా తయారై, ఉద్యోగాల దగ్గర, ఆస్తి పత్రాల దగ్గర చిక్కులు తెస్తున్నది. బైజాంటైన్ ముద్రను పూరించడానికి పండితులకు సాటి ముద్రలు కావలసివచ్చింది. ఈ పుస్తకాలను పూరించడానికి అంత శ్రమ అక్కరలేదు; సభలో ఆసీనులై ఉన్న పెద్దలు నోరు విప్పితే చాలును. అడిగితే చెప్పగలిగినవారు ఉన్నప్పుడే అడిగి వ్రాసుకోవాలి.

పూర్వ విద్యార్థులు తమ ఇంటిపేరు, తండ్రి పేరు, స్వగ్రామం పూర్తిగా వ్రాసి ఇయ్యవలసినదిగా ప్రార్థన. వాటిని పాత పుస్తకాలలో దిద్దకుండా, వేరొక పుస్తకంలో చెప్పినవారి పేరుతో సహా నమోదు చేయడం ఉచితం. పాత పుస్తకంలోని అక్షరదోషం కూడా ఒక సాక్ష్యమే, దానిని చెరపరాదు. తల్లిదండ్రులు పిల్లలను కూర్చోబెట్టి ఇంట్లోని పాత దస్తావేజులను, ఉత్తరాలను తెలుగు లిపిలోనే చదివించాలి. తెలియనిచోట "తెలియలేదు" అని చెప్పడం పిల్లలకు అలవాటు చేయాలి. ఆ మాట చెప్పగలిగినవాడే రేపు సరిగా చదువగలడు.

ఎక్కడో దూరదేశంలో, వేరొక భాషలో, అరచేతిలో ఇమిడే సీసపు బిళ్ళ మీద పన్నెండు వందల సంవత్సరాల నాడు ఒక అధికారి తన పేరు వ్రాసుకొని దైవసహాయం కోరాడు. ఆ పేరును దొరికినంతవరకు, దొరికినట్లుగా చదివినవారు ఉన్నందువల్ల అతడు నేటికీ పేరుగల మనిషిగా నిలిచాడు. ఈ బడి పుస్తకాలలోని ప్రతి పేరుకూ అటువంటి చదువరి లభించుగాక. సెలవు.